తర్వాత ఇస్తాను

సూది మాస్టారు డబ్బు అడగడం చేతకాని మనిషి. అది మంచితనమని పొరబడకండి. సగం మొహమాటం, మిగతా సగం భయం. ఎంబ్రాయిడరీ మిషన్లు బాగుచేసే రోజుల్లో పని పూర్తయ్యాక పెట్టె సర్దుకుని, గుమ్మం దగ్గర చెప్పులు వేసుకుంటూ ఆగిపోయేవారు. ఒక చెప్పు వేసుకుని, ఎదురుగా ఉన్న రెండో చెప్పు కోసం వెతుకుతున్నట్టు నటించేవారు. షాపువాళ్ళు అర్థం చేసుకుని "ఎంతివ్వమంటారు మాస్టారూ?" అంటే, "మీకు తోచింది" అనేవారు. వాళ్ళకు ఎప్పుడూ తక్కువే తోచేది. ఆ మాటకు ఇంట్లో భార్య ఎన్నిసార్లు దెప్పిపొడిచినా ఆయన నోటికి ఇంకో మాట రాలేదు.

ఆయనకు ఆ పేరు పెట్టింది వదిన. అన్నగారు పోయిన ఏడాది ఆవిడ ముందుగదిలోంచి మంచం తీయించేసి, ఆ జాగాలో ఒక పాత ఎంబ్రాయిడరీ మిషను పెట్టుకుంది. బడిపిల్లల చొక్కా జేబుల మీద బ్యాడ్జీలు, ఆసుపత్రి దుప్పట్ల మీద పేర్లు, హోటలు తువ్వాళ్ళ మీద గుర్తులు కుట్టేది. సూది విరిగినప్పుడల్లా మరిదికి ఫోను. "సూది మాస్టారూ, మీ శిష్యురాలు మళ్ళీ విరగ్గొట్టింది" అని నవ్వేది. ఆ పేరు షాపులన్నిటికీ పాకింది. చివరికి కట్టుకున్న భార్య కూడా కోపం వచ్చినప్పుడు అదే పేరుతో పిలవసాగింది.

మిషను ఒక్కటీ ఉంటే సరిపోదు. బొమ్మను కుట్లుగా మార్చి, సూది ఎక్కడ దిగాలో, ఎటు తిరగాలో మిషనుకు చెప్పే ప్రోగ్రాము కావాలి. దాని ఖరీదు మిషను ఖరీదుకన్నా ఎక్కువ. వదిన ఒక్కో బ్యాడ్జీకి బయట ఎవరిచేతో ఫైలు చేయించుకునేది. కుట్టగా మిగిలిందంతా వాళ్ళకే పోయేది. అది చూడలేక మాస్టారు ప్రోగ్రాములు రాయడం నేర్చుకున్నారు. పుస్తకాలు తెచ్చుకుని, తప్పులు చేసి, చేసిన తప్పే మళ్ళీ చేసి, ఏళ్ళ తరబడి కళ్ళు పొడుచుకుని 'దారం' అనే ప్రోగ్రాము రాశారు. అందులోని ప్రతి లోపమూ వదిన మిషను మీదే బయటపడేది. "నీ గులాబీ ముడుచుకుపోయింది మరిదీ. కుట్లు మరీ దగ్గరగా వేయిస్తున్నావు" అని బట్ట ఎత్తి చూపించేది. ఆయన ఇంటికెళ్ళి మళ్ళీ కూర్చునేవారు.

దారం సరిగ్గా నడవడం మొదలయ్యాక దాన్ని అందరికీ ఇవ్వాలనుకున్నారు. అప్పట్లో షేర్‌వేర్ అని ఒక పద్ధతి ఉండేది. ప్రోగ్రామును ఊరికే ఇచ్చేస్తారు. పదిమందికీ కాపీలు పంచుకోమంటారు. నెలరోజులు వాడి చూడండి, పనికొస్తే ఖరీదు పంపండి అంటారు. పంపినవాళ్ళకు ఒక రిజిస్ట్రేషన్ నంబరు వస్తుంది. పంపనివాళ్ళకు ప్రోగ్రామేమీ ఆగిపోదు, రోజూ తెరవగానే ఒక చిన్న బాక్సు వచ్చి డబ్బు సంగతి గుర్తుచేస్తుంది, అంతే. నోరు తెరిచి అడగలేని మనిషికి ఇంతకన్నా అనువైన వ్యాపారం ఎక్కడ దొరుకుతుంది? ఆయన బదులు బాక్సు అడుగుతుంది.

ఆ బాక్సులో ఏం రాయాలన్నదానికి ఆయన పడ్డ యాతన ప్రోగ్రాము రాయడానికి కూడా పడలేదు. మిగతావాళ్ళు 'కొంటారా? అవును, కాదు' అని రాసేవారు. అది వీధిలో చొక్కా పట్టుకుని నిలదీసినట్టుందని ఆయనకు నచ్చలేదు. చివరికి ఇలా రాశారు: 'పని బాగా సాగుతోందా? దారం మీకు పనికొస్తే దాని ఖరీదు పంపండి.' కింద రెండు బొత్తాలు. ఒకటి 'ఇప్పుడే ఇస్తాను'. రెండోది 'తర్వాత ఇస్తాను'. 'ఇవ్వను' అనే బొత్తాం పెట్టలేదు. మనలో ఎవరూ ఎదుటి మనిషి మొహం మీద ఇవ్వనని చెప్పరు కదా, చెప్పని మాటకు బొత్తాం ఎందుకు అనుకున్నారు. వదినకు చూపిస్తే, "ఇదీ మర్యాదంటే" అంది. ఆ మెప్పు ఆయనకు చాలా రోజులు నిలిచింది.

ఇంకో పని కూడా చేశారు. ఎవరు ఎన్నిసార్లు 'తర్వాత ఇస్తాను' నొక్కారో, ఏ రోజున నొక్కారో ప్రోగ్రాము లోపల ఒక మూల గుర్తుండిపోయేలా రాశారు. అది ఎవరికీ కనిపించదు. ఎవరిని పట్టుకోవడానికీ కాదు. ఎప్పుడైనా ఎక్కడికైనా మిషను బాగుచేయడానికి వెళితే, తన దారం అక్కడ ఎంతకాలంగా పనిచేస్తోందో చూసుకుని మురిసిపోదామని.

వదినకు మాత్రం రిజిస్ట్రేషన్ నంబరు ఇవ్వలేదు. ఇవ్వాలన్న ఆలోచనే రాలేదు. నంబరంటే రసీదు లాంటిది, ఇంట్లోవాళ్ళకు ఎవరైనా రసీదు రాస్తారా? ప్రోగ్రామే ఆవిడ కోసం రాసింది. ఆవిడా నంబరు అడగలేదు. పాపం మరిది దీని మీద బతుకుదామనుకుంటున్నాడు, ఊరికే ఇమ్మని ఎలా అడుగుతాం అనుకుంది. ఇలా ఈయన ఇవ్వకపోవడంలోనూ, ఆవిడ అడగకపోవడంలోనూ ఉన్నది ప్రేమే. ఆ ప్రేమే తర్వాత ఇద్దరి మెడకూ చుట్టుకుంది.

దారం ఎక్కడెక్కడికో పాకింది. డబ్బు మాత్రం వెనక్కి పాకలేదు. పంపినవాళ్ళు పంపారు, వాళ్ళను వేళ్ళ మీద లెక్కపెట్టవచ్చు. ఒకసారి ఒక పెద్ద యూనిఫారం ఫ్యాక్టరీకి మిషను బాగుచేయడానికి వెళ్ళారు. హాలు నిండా మిషన్లు, అన్నిటికీ దారమే. సూపర్‌వైజరు ఒక కంప్యూటరు తెరవగానే ఆ బాక్సు వచ్చింది. అతను పక్కవాడితో ఏదో జోకు చెబుతూ, తెరవైపు చూడకుండానే 'తర్వాత ఇస్తాను' నొక్కాడు. ఈగను తోలినట్టు తోలేశాడు. మాస్టారు అక్కడే నిలబడి ఉన్నారు. దాన్ని రాసింది నేనేనని చెప్పడానికి నోరు పెగల్లేదు. ఆ పూట ఇంటికొచ్చి అన్నం ముందు కూర్చుని ముద్ద దిగక లేచిపోయారు. ఆయన మొహమాటం కింద ఎంత మంట ఉందో ఆ రోజు ఆయనకే తెలిసింది.

కళ్ళు అప్పటికే మసకబారుతున్నాయి. ఆపరేషన్ చేయకపోతే పూర్తిగా పోతాయన్నారు డాక్టరు. చేతిలో డబ్బు లేదు. ఆదుకున్నది బావమరిది. అతను ఇలాంటి చిన్నచిన్న ప్రోగ్రాములు కొని, బాగుచేసి, అమ్ముకునే కంపెనీ ఒకటి నడుపుతున్నాడు. ఆసుపత్రి ఖర్చంతా కట్టాడు. చూపు సగం నిలిచింది. కట్టు విప్పిన వారానికి ఒక కాగితం తెచ్చాడు. దారం మీద సర్వహక్కులూ కంపెనీకి రాసిచ్చే కాగితం. "మామూలు కాగితమే బావా, లెక్కలు చూసేవాళ్ళకు చూపించాలి" అన్నాడు. మాస్టారు అక్షరాలు కనిపించకపోయినా వేలు పెట్టి చూపించిన చోట సంతకం చేశారు. అందులో మోసమేమీ లేదు. చదివి వినిపించమంటే వినిపించేవాడే. వినిపించమని అడగడం మర్యాద కాదని ఈయన అడగలేదు.

ఆ తర్వాత ఒకరోజు బావమరిది కుర్చీ దగ్గరగా లాక్కుని కూర్చున్నాడు.

"బావా, ఒక మాట చెప్పు. నీ ప్రోగ్రాము వాళ్ళు వాడుకున్నారా లేదా?"

"వాడుకున్నారు."

"దాంతో సంపాదించుకున్నారా లేదా?"

"సంపాదించుకున్నారు."

"నెల దాటితే ఖరీదు పంపాలని ముందే రాసిపెట్టావా లేదా?"

"రాశాను."

"మరి అడిగితే తప్పేంటి? నువ్వు ఇన్నాళ్ళూ చేసింది అడుక్కోవడం. నీ కళ్ళు పోయింది ఎవరికోసం? వాళ్ళ జేబులు నింపడానికా? నేను న్యాయంగా వసూలు చేస్తాను. కాకపోతే కోర్టులో నిలబడాలంటే ఎవరు ఎన్నాళ్ళు వాడారో రుజువు కావాలి. అదే మన దగ్గర లేదు."

మాస్టారికి ఆ సూపర్‌వైజరు చెయ్యి కళ్ళముందు కదిలింది. ఒళ్ళు మండింది. "రుజువుంది" అన్నారు. ప్రోగ్రాములో ఏ మూల ఏది దాచారో పూసగుచ్చినట్టు చెప్పారు. చెబుతున్నంతసేపూ ఆయన గొంతులో గర్వం ఉంది.

కంపెనీ లాయరు ఆ సంగతి విని ఎగిరి గంతేసినంత పని చేశాడు. "ప్రతి క్లిక్కూ ఒక ఒప్పుకోలు మాస్టారూ. బాకీ ఉందనీ, ఇస్తాననీ తేదీతో సహా రాసిచ్చినట్టే. మీరు అక్కడ 'ఇవ్వను' అనే బొత్తాం పెట్టి ఉంటే మనకు ఏ ఆధారమూ ఉండేది కాదు. మీ మర్యాదే మనకు ఆధారం" అన్నాడు. మాస్టారు సంతోషించాలో వద్దో తెలియక తల ఊపారు.

దారానికి కొత్త వెర్షన్ తయారైంది. ఇంటర్నెట్టుకు తగిలించగానే లోపల దాగిన లెక్క కంపెనీకి చేరేలా దాన్ని మార్చారు. ముందు నలుగురైదుగురు తెలిసినవాళ్ళ దగ్గర పెట్టి చూడమన్నాడు బావమరిది. తెలిసినవాళ్ళంటే మాస్టారికి ముందు గుర్తొచ్చేది వదినే. అక్షరాలు ఇప్పుడు నున్నగా వస్తాయి వదినా అంటూ స్వయంగా వెళ్ళి, తెరకు ముక్కు ఆనించి తడుముకుంటూ ఎక్కించి వచ్చారు. ఆవిడ టీ ఇచ్చి, బిస్కట్లు పెట్టి, పక్కనే కుర్చీ వేసుకుని కూర్చుంది. ప్రోగ్రాము తెరిచినప్పుడు ఆ బాక్సు వచ్చింది. ఆవిడ మౌసు అందుకుని నొక్కింది. ఆయనకు అది కనిపించలేదు. కనిపించి ఉంటే ఈ కథ లేదు.

కొన్నాళ్ళకు వదిన ఫోను చేసింది.

"మరిదీ, మీ కంపెనీ నుంచి నోటీసు వచ్చింది."

"నీకా? నీకెందుకు వస్తుంది?"

"అదే చదువుతున్నా విను. 'మీరు పదేపదే ఇస్తామని ఒప్పుకుని ఇవ్వనందున' అని రాశారు. నేను నొక్కిన రోజులన్నీ వేశారు. పండగ రోజు కూడా వదల్లేదు, అమ్మో, అన్ని రోజులు పనిచేశానా నేను?" అని నవ్వబోయి ఆగింది. "మొత్తం కట్టకపోతే మిషను జప్తు చేయిస్తారట. తప్పు నాదేలే. ఇదిగో ఇద్దాం, అదిగో ఇద్దాం అని ఆలస్యం చేశాను. నువ్వు నోరు తెరిచి అడగవని తెలిసి కూడా."

ఆ చివరి మాటకు మాస్టారికి తల కొట్టేసినట్టయింది. తిట్టినా బాగుండేది. ఆవిడ తిట్టలేదు, ఇన్నాళ్ళూ ఈయన డబ్బు కోసం ఎదురుచూస్తున్నారని నమ్మింది. నేను చూసుకుంటాను వదినా అని ఫోను పెట్టేశారు. ఆ మిషను మీదే ఆవిడ ఇంటి అద్దె, ఆవిడ మందులు, ఆవిడ ఎవరి ముందూ చెయ్యి చాపకుండా గడిపే రోజులు. అది పోతే ఆవిడ దగ్గర ఇంకేమీ లేదు.

భార్యతో చెప్పారు. "నువ్వు ఒక మాట చెప్పు. నీ తమ్ముడు నీ మాట వింటాడు."

ఆవిడ కూర తరుగుతున్న చెయ్యి ఆపి, "ఆపరేషన్ డబ్బు అడగడానికి వెళ్ళింది నేను. మళ్ళీ నేనే వెళ్ళి ఏ మొహం పెట్టుకుని అడగను?" అంది. "అక్కయ్య మిషను పోతుందంటే నాకు మాత్రం నిద్ర పడుతుందా?" అని కొంగుతో కళ్ళు ఒత్తుకుంది.

చివరికి మాస్టారే బావమరిది ఆఫీసుకు వెళ్ళారు. అతను లేచి నిలబడి, కుర్చీ వేసి, మంచినీళ్ళు ఇప్పించాడు. సంగతి విని నిజంగానే బాధపడ్డాడు.

"ప్రోగ్రాము పంపిన లెక్క చూసి నోటీసులు పంపింది లాయరు ఆఫీసు బావా. అందులో అక్క తోడికోడలు ఉందని నాకేం తెలుసు?"

"తెలిసింది కదా. తీసెయ్."

"తీసెయ్యడం నా చేతుల్లో ఉంటే నువ్వు ఇంతదూరం రావాలా? భాగస్వాములున్నారు. తెలిసి తెలిసి ఒకరిని వదిలేస్తే, మమ్మల్నీ వదిలేసినట్టేనని మిగతావాళ్ళంతా అడ్డం తిరుగుతారట. లాయరు అదే మాట మీద ఉన్నాడు."

"దాన్ని రాసింది నేను. నాకు ఆ డబ్బు వద్దు."

బావమరిది తల దించుకున్నాడు. "వద్దనడానికి అది నీది కాదు బావా" అన్నాడు, చాలా మెల్లగా.

ఎదుటివాడు దుర్మార్గుడైతే కనీసం కోపం తెచ్చుకోవచ్చు. ఇతను తన కళ్ళు నిలబెట్టిన మనిషి. ఆ చూపుతోనే ఇప్పుడు ఇతని మొహం చూస్తున్నారు.

"ఒక దారుంది" అన్నాడు బావమరిది. "వచ్చే వారం మధ్యవర్తి ముందు కూర్చోబెడతారు. అక్కడ అడుగుతారు, ఆ బాక్సు చదివి నొక్కారా, చదవకుండా నొక్కారా అని. చదవలేదు, అదేదో అడ్డం వస్తుంటే నొక్కేశాను అని చెప్పమను. అప్పుడది తెలియక వాడినట్టు లెక్క. ఒక్క కాపీ ఖరీదు కడితే చాలు, అది నేను కట్టేస్తాను. మా లాయరు కూడా గట్టిగా పట్టుకోకుండా నేను చూసుకుంటా. ఒక్క ముక్క. చదవలేదు అంటే చాలు."

మాస్టారికి ప్రాణం లేచొచ్చింది. అక్కణ్ణుంచి నేరుగా వదిన దగ్గరికే వెళ్ళారు. ముందుగదిలో మిషను నడుస్తోంది. సూది దడదడమని దిగుతూ ఎవరిదో జేబు మీద గుడ్లగూబను కుడుతోంది. ఆవిడ మిషను ఆపి, ఫ్రేము విప్పుతూ ఆయన చెప్పిందంతా వింది.

"చదవలేదు అని చెప్పాలి. అంతే కదా" అంది.

"అంతే వదినా. ఇంకేమీ అడగరు."

"సరే, చూద్దాంలే" అంది ఆవిడ, గుడ్లగూబ చుట్టూ మిగిలిన దారాలు కత్తిరిస్తూ.

మాస్టారు నిశ్చింతగా ఇంటికొచ్చారు. 'ఇవ్వను' అనే మాట మనవాళ్ళెవరూ అనరని ఆ బొత్తామే పెట్టని మనిషి, 'చూద్దాంలే' అంటే ఏమిటో ఆ రోజు ఆలోచించలేదు.

మధ్యవర్తి ఒక రిటైరైన జడ్జిగారు, పెద్దావిడ. పొడుగు బల్లకు అటు లాయరు, బావమరిది. ఇటు వదిన, మాస్టారు. గదిలో ఏసీ రొద. వదిన ఇస్త్రీ చీర కట్టుకుని, చేతిసంచి ఒళ్ళో పెట్టుకుని, బస్సులో కూర్చున్నట్టు కూర్చుంది.

మధ్యవర్తి ఆ బాక్సు బొమ్మ ముద్రించిన కాగితం ఆవిడ ముందు పెట్టింది. "అమ్మా, ఇది మీకు రోజూ వచ్చేదా?"

"వచ్చేదండీ."

"మీరు దీన్ని చదివేవారా, చదవకుండా నొక్కేసేవారా?"

మాస్టారు బల్ల కింద గుప్పిట బిగించారు. లాయరు కావాలనే తన ఫోను చూసుకుంటున్నాడు. బావమరిది ఆశగా ఆవిడ వైపు వంగాడు. గదిలో అందరూ ఆ ఒక్క ముక్క కోసమే కాచుకుని ఉన్నారు.

"చదివేదాన్నండీ" అంది వదిన.

"వదినా" అన్నారు మాస్టారు.

"మీరు ఆగండి" అంది మధ్యవర్తి. "ఇవ్వాలన్న ఉద్దేశంతోనే నొక్కేవారా?"

"ఇవ్వాలనేనండీ. పని ఎక్కువ వచ్చిన నెలలో ఇద్దామనుకునేదాన్ని. ఏదో ఒక ఖర్చు వచ్చి మీద పడేది. కానీ ఎగ్గొడదామని ఏ రోజూ అనుకోలేదు."

ఆవిడ తల పైకెత్తి చెప్పింది. తన పరువు నిలబెట్టుకుంటున్న మనిషిలా చెప్పింది. లాయరు ఇక తప్పక ఫోను పక్కన పెట్టి, ఆ మాట రాసుకున్నాడు.

మాస్టారు లేచి నిలబడ్డారు. జీవితంలో మొదటిసారి పిలవకుండా మాట్లాడారు. "ఆవిడ నాకేమీ బాకీ లేదండీ. ఆవిడ కోసమే రాశాను దాన్ని. నేను ఊరికే ఇచ్చాను."

"ఊరికే ఇచ్చినట్టు ఏమైనా ఉందా? రిజిస్ట్రేషన్ నంబరు ఇచ్చారా?"

"లేదండీ."

"ఎందుకివ్వలేదు?"

"ఇంట్లో మనిషండీ" అన్నారు మాస్టారు. ఆ మాట ఆ గదిలో ఎందుకూ కొరగాదని అంటుండగానే తెలిసింది.

"నాకు అర్థమైంది" అంది మధ్యవర్తి, నిజంగానే అర్థమైన గొంతుతో. "కానీ మీరు ఊరికే ఇచ్చానంటున్నారు. తీసుకున్నావిడేమో బాకీ ఉన్నానంటోంది. హక్కులు చూస్తే మీ దగ్గర లేవు. నేనేం చెయ్యను చెప్పండి."

మాస్టారు కూర్చున్నారు. మొత్తంలో కొంత తగ్గించారు. తగ్గించినా అది ఆ పాత మిషనుకు వచ్చే ధరంత ఉంది. వదిన సంతకం పెట్టమన్నచోట నిదానంగా, గుండ్రంగా సంతకం పెట్టింది.

వరండాలో మాస్టారు ఆవిడను నిలదీశారు. "చూద్దాంలే అన్నావు కదా వదినా."

"అన్నాను. కుదరదని నీ మొహం మీద చెప్పమంటావా?"

"ఒక్క అబద్ధం ఆడితే నీ మిషను నిలిచేది."

"నువ్వు కళ్ళు పోగొట్టుకుని రాసిన మాట, నేను చదవను కూడా చదవలేదని నలుగురిలో ఎలా చెప్పను మరిదీ?" అంది వదిన. కోపంగా కాదు, ఇది కూడా తెలియదా అన్నట్టు అంది. మాస్టారికి ఏడుపొచ్చింది. ఆవిడ చూడకుండా కళ్ళజోడు తుడుచుకున్నారు.

మెట్ల దగ్గర బావమరిది ఆగాడు. అతని మొహం కూడా చూసేలా లేదు. యూనిఫారం ఫ్యాక్టరీ సంగతి ఏమైందని మాస్టారు అడిగారు. అతను "వాళ్ళది తేలిపోయింది బావా" అన్నాడు. "మా మనుషులెవరూ ఆ బాక్సు ఏనాడూ చదవలేదు, చూడకుండా నొక్కేవాళ్ళు, కాబట్టి ఎవరూ ఏ మాటా ఇవ్వలేదని వాళ్ళ లాయర్లు వాదించారు. వాదన నిలబడింది. ఒక్క కాపీ ఖరీదు కట్టి బయటపడ్డారు."

చూడకుండా ఈగను తోలినవాడు గెలిచాడు. రోజూ చదివి, రోజూ మనసులో మాటిచ్చినావిడ ఓడిపోయింది. ఇందులో ఎవరిని తిట్టాలో ఎంత వెతికినా తోచలేదు. వరసగా చూసుకుంటూ వస్తే చివరికి ఆ బొత్తాం రాసిన చెయ్యే కనిపించింది.

మిషనును ఆ ఫ్యాక్టరీ వాళ్ళే కొన్నారు. విడిభాగాలకు పనికొస్తుందన్నారు. దాన్ని తీసుకెళ్ళిన మర్నాడు మాస్టారు వదిన ఇంటికి వెళ్ళారు. డబ్బు కట్టినందుకు కంపెనీ నుంచి రిజిస్ట్రేషన్ నంబరు వచ్చింది. దాన్ని ఎక్కించమని ఆవిడే పిలిచింది. ముందుగదిలో మిషను ఉన్నచోట నేల మిగతా నేలకన్నా తెల్లగా ఉంది. కంప్యూటరు బల్ల ఒక్కటీ గోడ పక్కన మిగిలింది.

"ఎందుకు వదినా, ఇప్పుడిది?" అన్నారు మాస్టారు.

"డబ్బు కట్టాం కదా. కట్టాక వదిలేస్తారా?" అంది.

ఆయన తెరకు ముక్కు ఆనించి ఒక్కొక్క అంకె కొట్టారు. కళ్ళు సహకరించక రెండుసార్లు తప్పు పోయింది. మూడోసారి తీసుకుంది. ప్రోగ్రాము మూసి మళ్ళీ తెరిచారు. బాక్సేమీ రాలేదు. నేరుగా తెల్లటి ఖాళీ పేజీ వచ్చింది, పైన వదిన పేరుతో.

వదిన కాసేపు ఎదురుచూసింది. మౌసు మీద చెయ్యి అలవాటుగా ఆ బొత్తాం ఉండే చోటికి వెళ్ళి ఆగింది.

"ఏమీ అడగలేదేంటి?"

"ఇంక అడగదు వదినా. నీది అయిపోయింది."

"ఓహో" అంది ఆవిడ. చేతిని ఒళ్ళోకి తీసుకుంది. "మీ అన్నయ్య పోయాక, పొద్దున్నే పని బాగా సాగుతోందా అని అడిగేది అదొక్కటే ఉండేది. నువ్వే అడుగుతున్నట్టుండేది. అందుకే చదివేదాన్ని."

మాస్టారు కుర్చీలోంచి లేచారు. ఆ ఒక్క మాట ఇప్పుడు తను అడగవచ్చు. ఎదురుగానే ఉంది మనిషి. కానీ ఆ తెల్లటి నేల చూస్తూ పని ఎలా సాగుతోందని ఏ నోటితో అడుగుతారు? వెళ్ళొస్తానని గొణిగి గుమ్మం దాకా వచ్చారు. ఒక చెప్పు వేసుకున్నారు. రెండోది ఎదురుగానే ఉంది, అయినా కాలు కదల్లేదు.

వెనక నుంచి వదిన గొంతు వినిపించింది. ఇన్నేళ్ళుగా ఆయన గుమ్మంలో ఆగినప్పుడల్లా ఆటపట్టించిన గొంతే, ఆటపట్టించడానికే అంది.

"ఏం మాస్టారూ, ఆగారు? నేనింకా ఏమైనా ఇవ్వాలా?"